ఉన్నికి అంటితే కళ, చేతికి అంటితే మైల

మాది అంతర్వేది దగ్గర మాలపేట. నా చిన్నప్పుడు పేట పక్కన కాలవలోంచి చీల్చిన గుంటల్లో కొబ్బరి డొక్కలు నానేసేవాళ్లు. నెలల తరబడి నానిన డొక్కల్ని మా మామ్మ, ఆవిడతోపాటు పేటలో ఆడవాళ్లు కర్రతో బాది పీచు తీసేవాళ్లు. గుంటలో నీళ్లు కాఫీ డికాషన్‌లా ఉండేవి. మామ్మ చేతులు మోచేతుల దాకా అదే రంగు. బడి లేనిరోజుల్లో నేనూ వెళ్లేవాణ్ణి కాబట్టి నా చేతులూ అంతే. నాలుగో తరగతిలో గోళ్లు చూసే మాస్టారు నా చేతులు చూసి, కడుక్కుని రమ్మని బయటికి పంపారు. కడుక్కుని వచ్చాను. మళ్లీ పంపారు. మూడోసారి ఇంక లోపలికి వెళ్లలేదు. ఇంటికొచ్చి చెప్తే మామ్మ అంది: "కడిగితే పోద్దా ఏంట్రా అబ్బాయ్? పని మానితే పోద్ది."

చాలా ఏళ్ల తర్వాత, పరిశోధన పనిమీద ఒక పెద్ద నగరంలో ఉండగా, ఇంట్లోనే ఉన్నికి మొక్కల రంగులు వేసుకోవడం నేర్పే శిక్షణకి వెళ్లాను. రుసుం నా నెల ఫెలోషిప్‌లో మంచి వాటానే. ఉల్లిపొట్టు, దానిమ్మ తొక్క, బంతిపూలు అయ్యాక మూడోరోజు కొబ్బరి డొక్కలు ఉడకబెట్టారు. అందులోంచి ఉన్ని చిలప తీసి నీళ్లు పిండి దండెం మీద ఆరేశారు. అందరూ చుట్టూ చేరి ఎంత బాగుందో అన్నారు. అది మా మామ్మ చేతి రంగు. తేడా ఏమీ లేదు.

తేడా ఎందుకు లేదు అనేది సైన్సు ప్రశ్న. ఉన్నికి అంటితే కళ, చేతికి అంటితే మైల ఎందుకైంది అనేది కులం ప్రశ్న. ఈ రెండింటినీ కలిపి చూడాలనే ఈ వ్యాసం.

చేతికి ఎందుకు అంటింది?

ఉన్ని, వెంట్రుక, గోరు, కొమ్ము, మన చర్మం పైపొర - ఇవన్నీ కెరటిన్ అనే ఒకే జాతి ప్రోటీన్‌తో తయారైనవి. కొబ్బరి డొక్కలో, తుమ్మ చెక్కలో, కరక్కాయలో, దానిమ్మ తొక్కలో టానిన్లుంటాయి. పచ్చి కరక్కాయ కొరికితే నోరు పిడచకట్టుకుపోతుంది గదా, ఆ వగరే టానిన్. అది ప్రోటీన్‌ని పట్టుకుంటుంది. నాలుక మీద ప్రోటీన్‌ని పట్టుకుంటే వగరు, ఉన్నిని పట్టుకుంటే రంగు, పచ్చితోలుని పట్టుకుంటే అది కుళ్లకుండా తోలవుతుంది. అంటే మామ్మ చేతిమీద ఉన్నది మురికి కాదు. మురికైతే సబ్బుతో పోయేది. అది రంగు అద్దకం. చర్మం పైపొర రాలి కొత్తది వచ్చేదాకా ఉంటుంది. "పని మానితే పోద్ది" అని మామ్మ అన్న మాట అక్షరాలా సరైన శాస్త్రం.

నమ్మకపోతే గోరింటాకు చూడండి. అరచేతికీ, గోటికీ, జుట్టుకీ ఎర్రగా పండుతుంది. ఉన్నికీ, పట్టుకీ కూడా పండుతుంది. అదే ఆకు నూలుగుడ్డకి అంత బాగా పట్టదు. గోరింటాకు పండిన చెయ్యి చూసి మంచి మొగుడొస్తాడంటారు. పీచు రంగు పట్టిన చెయ్యి చూసి బయటికి పొమ్మంటారు. రెండుచోట్లా జరిగింది మొక్క రంగు చర్మానికి అంటడమే. మొదటి చెయ్యి తీరిక ఉన్న చెయ్యి, రెండోది పనిచేసే చెయ్యి. అంతే తేడా.

ఇంట్లో ఉన్నికి రంగు వేసే పద్ధతి

టీచర్లు పిల్లలతో చేయించడానికి పనికొస్తుందని పద్ధతి వివరంగా చెప్తున్నాను. మన కోస్తాలో మేపే నెల్లూరు గొర్రెకి ఉన్ని ఉండదు, వెంట్రుకే. తెల్ల ఉన్ని నూలు బయటినుంచి తెచ్చుకోవాలి. వంద గ్రాములు చాలు.

మొదట ఉన్నిని గోరువెచ్చటి నీళ్లలో కుంకుడు రసంతో జాడించాలి. రుద్దకూడదు. జిడ్డు పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది. రెండోది పటిక పట్టించడం. వంద గ్రాముల ఉన్నికి పది, పన్నెండు గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి, ఉన్ని మునిగేన్ని నీళ్లు పోసి, తడిపిన ఉన్నిని అందులో వేసి మెల్లగా వేడి చెయ్యాలి. కుతకుతా ఉడకనివ్వకూడదు. ఆవిరి లేచే వేడిలో గంటసేపు ఉంచి, ఆ గిన్నెలోనే చల్లారనివ్వాలి. పటికలోని అల్యూమినియం ఒకచేత్తో ఉన్నినీ, మరోచేత్తో రంగునీ పట్టుకునే మధ్యవర్తి.

మూడోది రంగు. కొబ్బరి డొక్కలైతే ఉన్ని బరువుకి రెండింతలు తీసుకుని, ముక్కలు చేసి రాత్రి నానబెట్టి, పొద్దున గంట ఉడికించి వడగట్టాలి. చల్లారిన రసంలో ఉన్ని వేసి మళ్లీ మెల్లగా వేడిచేసి గంట ఉంచి, అందులోనే చల్లార్చి, జాడించి, నీడలో ఆరెయ్యాలి. లేత గోధుమరంగు వస్తుంది. ఇదే పద్ధతిలో తంగేడు పూలు, దానిమ్మ తొక్క, ఉల్లిపొట్టు పసుపు ఛాయలిస్తాయి. మోదుగపూలు నారింజ కలిసిన పసుపు. చిరివేరు, మంజిష్ఠ, లక్క ఎరుపు. వంటింటి పసుపు బాగా పడుతుంది గానీ ఎండకి వెలిసిపోతుంది.

నలుపు కావాలంటే తుప్పుపట్టిన ఇనపముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు వారాలు పులియబెట్టాలి. కలంకారీ పనివాళ్లు నల్లగీతకి వాడేది ఇదే. కరక్కాయ పట్టిన ఉన్నిని ఇందులో ముంచితే బూడిదరంగు నుంచి నలుపు దాకా తిరుగుతుంది. ఎక్కువైతే ఉన్ని పెళుసుబారుతుంది.

మూడు జాగ్రత్తలు. రంగు గిన్నెలు వంటకి వాడకూడదు. వేడి ఉన్నిని ఒక్కసారిగా చన్నీళ్లలో వేసినా, గట్టిగా పిసికినా అది బిగుసుకుపోయి గొంగడిముక్కలా అవుతుంది. మూడోది ముఖ్యమైనది: సున్నం, చాకలిసోడా ఉన్నికి తగలనివ్వకూడదు. క్షారం కెరటిన్‌ని తినేస్తుంది.

ఈ మూడో జాగ్రత్త శిక్షణలో చెప్తున్నప్పుడు నాకు మాదిగపేటలో సున్నం గుంట గుర్తొచ్చింది. పచ్చితోలుని సున్నపునీళ్లలో ఎందుకు నానబెట్టేవాళ్లు? వెంట్రుక వదులై ఊడిపోవడానికి. సున్నం వెంట్రుకని దెబ్బతీస్తుంది, తోలుని నిలవనిస్తుంది. ఎన్నిరోజులుంచితే వెంట్రుక ఊడుతుందో, ఎన్నిరోజులు దాటితే తోలు పాడవుతుందో ఆ గుంట దగ్గర మనిషికి తెలుసు. శిక్షణలో మాకు జాగ్రత్తగా అందిన సంగతి ఆయనకి రోజువారీ పని.

తోలు, వల, నూలు - ఒకటే విద్య

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా పేటలో మేం కూడా ఆ గుంటల వైపు వెళ్లేటప్పుడు ముక్కు మూసుకునేవాళ్లం. పీచుగుంట వాసన మాకు అలవాటే గానీ తోలుగుంట వాసన మాకు మైల. మామ్మ అటువైపు నీళ్లు తాగేది కాదు. అంబేడ్కర్ చెప్పిన అంచెలంచెల అసమానత ఎక్కడో పుస్తకంలో లేదు, మా పేటకీ ఆ పేటకీ మధ్య ఉన్న కాలవగట్టు మీద ఉంది. రెండు గుంటల్లోనూ ఉన్నది ఒకటే టానిన్ అని తెలియడానికి నాకు విశ్వవిద్యాలయం దాకా పోవాల్సొచ్చింది.

మాదిగలు తోలు ఊనడానికి తంగేడు చెక్క వాడేవాళ్లు. సున్నం కడిగేసిన తోలుని సంచిలా కుట్టి, చెట్టుకి వేలాడదీసి, లోపల తంగేడు చెక్క దంచిన రసం నింపేవాళ్లు. రసం తోలుగుండా ఊరి కిందకి కారేది, దాన్నే మళ్లీ పైనుంచి పోసేవాళ్లు. చివర కరక్కాయ. అలా తయారైన తోలు మోటబొక్కెనయి ఊరి పొలాలకి నీళ్లు తోడింది. చెప్పయి ఊరి కాళ్లని కాపాడింది. డప్పయి ఊరి దేవుణ్ణి ఊరేగించింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం తంగేడుని రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. బతుకమ్మలో తంగేడుకి మొదటి స్థానం, అది సంతోషమే. కానీ ఒకే చెట్టు పువ్వుకి పూజ, చెక్కకి అంటు ఎలా వచ్చాయి? పువ్వు తెంపిన చెయ్యి వేరు, చెక్క దంచిన చెయ్యి వేరు కాబట్టి.

సముద్రం ఒడ్డున కూడా ఇదే విద్య. నైలాను రాకముందు వలలు నూలువీ, జనపనారవీ. ఉప్పునీటిలో కుళ్లిపోకుండా వాటిని చెక్క రసంలో ఉడికించి ఎర్రగా చేసేవాళ్లు బెస్తవాళ్లు. వలకి రంగు సోకు కోసం కాదు, ఆయుష్షు కోసం.

ఇక నూలు. నూలు ప్రోటీన్ కాదు, సెల్యులోజ్. దానికి పటికా సరిగా పట్టదు, రంగూ పట్టదు. అందుకే కలంకారీ గుడ్డని ముందు పేడనీళ్లలో నానేసి, ఎండలో చలవ చేసి, తర్వాత కరక్కాయ కలిపిన గేదెపాలలో ముంచుతారు. కరక్కాయ టానిన్ గుడ్డకి అంటి పటికకి పట్టు ఇస్తుంది. పాలలోని కొవ్వు గీత పాకిపోకుండా ఆపుతుంది. ఆ తర్వాతే పటిక, ఆ తర్వాతే ఎర్రరంగు కాగు. మధ్య మధ్య పారేనీటిలో ఉతుకు. అంటే పేడ చెయ్యి, పాలచెయ్యి, చాకలిచెయ్యి, కరక్కాయ దంచిన చెయ్యి అన్నీ పడితేగానీ ఒక పువ్వు గుడ్డమీద పుయ్యదు. బొమ్మగీసే కలం ఒక్కదాన్నే మనం కళ అంటున్నాం.

మైల ఎవరు పెట్టారు?

వాసన వల్ల మైల వచ్చిందని కొందరంటారు. వాసన నిజమే. నీలిమందు సంగతి చూడండి. నీలి నీళ్లలో కరగదు. సున్నం, తగిరిస గింజల ఉడుకు వేసి కుండలో పులియబెడితే కరిగే రూపానికి మారుతుంది. అప్పుడు కుండలో నీలం ఉండదు, పసుపుపచ్చగా ఉంటుంది. ముంచి తీసిన గుడ్డకి గాలి తగిలాక కళ్లముందే నీలమవుతుంది. పులిసిన కుండ కంపుకొడుతుంది. ఉన్నికైతే ఆ సున్నం బాగా తగ్గించాలి. కుండ ఎప్పుడు తయారైందో ముక్కుతో, నాలుకతో, పైన తేలే నురగతో కనిపెట్టాలి. కంపు అక్కడ కొలమానం. వాసనని అసహ్యించుకునేవాడు ఆ పని నేర్చుకోలేడు.

కానీ వాసనని కులంగా మార్చింది ముక్కు కాదు, శాస్త్రం పేరుతో రాసిన రాతలు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో ఎవరి అన్నం తినకూడదో ఒక జాబితా ఉంది. అందులో గుడ్డలుతికేవాడున్నాడు, రంగులేసేవాడున్నాడు, తోలుపనివాడున్నాడు. పదో అధ్యాయంలో కష్టకాలంలో వ్యాపారం చేసే బ్రాహ్మణుడు ఏవి అమ్మకూడదో ఇంకో జాబితా. అందులో రంగేసిన గుడ్డ, నీలి, లక్క ఉన్నాయి. రంగుగుడ్డ కట్టుకోవచ్చు, దేవుడికి పట్టుబట్ట కట్టొచ్చు. రంగేసిన చేతి అన్నం మాత్రం తినకూడదు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేడ్కర్ ఆధ్వర్యంలో తగలబెట్టింది ఈ పుస్తకాన్నే. దాన్ని కేవలం గుడికీ, చెరువుకీ సంబంధించిన పోరాటంగా చూస్తాం. పనిలో ఉన్న జ్ఞానాన్ని మైలగా మార్చిన రాత మీద పోరాటంగా కూడా చూడాలి.

కంచ ఐలయ్య 1996లో వచ్చిన "వై ఐ యామ్ నాట్ ఎ హిందూ"లో ఉత్పత్తి కులాల జీవితాన్నీ, జ్ఞానాన్నీ ముందుకు తెచ్చినప్పుడు చాలామంది పండితులు నొచ్చుకున్నారు. రంగుల చరిత్ర ఆ వాదనకి చేత్తో తాకి చూడగల రుజువు.

పేరు గుడ్డకి, పని మనిషికి

సఖినేటిపల్లి రేవు దాటితే అవతల నరసాపురం. దాని పక్కన మాధవాయపాలెం. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీ అక్కడ గిడ్డంగి పెట్టింది. అక్కడి గుడ్డ పేరు "మదపోలమ్"గా మారి ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. ఇవతల అమలాపురం వైపు బండారులంకలో కూడా మగ్గం గుడ్డకి పేరుంది. కోస్తా గుడ్డకి ప్రపంచంలో పేరు తెచ్చినవాటిలో ముఖ్యమైనది చిరివేరు ఎరుపు. చిరివేరు తీరపు ఇసకనేలల్లో పెరిగే చిన్న మొక్క, వేరు సన్నగా లోతుగా పోతుంది. ఆ వేరు బెరడులో అలిజరిన్ ఉంటుంది. గవ్వలూ ఆలిచిప్పలూ కలిసిన నేలలో వేరుకి రంగెక్కువని పేరు. అలిజరిన్ ఎరుపు నిలవడానికి పటికతోపాటు సున్నపు అంశం అవసరమని తర్వాత రసాయనశాస్త్రం చెప్పింది. ఇసక తవ్వి వేరు తీసినవాళ్లకి ఏ నేల వేరు మంచిదో ముందే తెలుసు. గుడ్డకి పేరొచ్చింది, ఊరికి పేరొచ్చింది. వేరు తవ్విన మనిషికి పేరు లేదు.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటేడే మార్కెట్టు పేటెంట్లు పడ్డాయి. 1897లో కృత్రిమ నీలిమందు జర్మనీనుంచి అమ్మకానికి వచ్చింది. వాళ్ల పేర్లు మన పిల్లల పాఠాల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. అణువుని విడదీసి తిరిగి కట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆ వేరులో ఎరుపుందని వందల ఏళ్లముందే కనిపెట్టినవాళ్లు ఏ పాఠంలోనూ లేరు.

మనకి దగ్గర్లో ఉన్నికి రంగేసిన ఊరు ఏలూరు. తంగెళ్లమూడిలో ముస్లిం కుటుంబాలు నేసిన ఉన్ని తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శన దాకా వెళ్లాయి. రసాయన రంగులు రాకముందు అవీ మొక్కల రంగులే. ఇక తెలంగాణలో కురుమల నల్లగొంగడి అసలు రంగే అడగదు. దక్కని గొర్రె నలుపే దాని రంగు, చింతగింజల గంజి దానికి బిగువు. మాంసం కోసం వెంట్రుక గొర్రెలు పెరిగి ఆ ఉన్నిగొర్రె తగ్గిపోయాక గొంగడీ తగ్గిపోయింది.

మళ్లీ ఇంటి పనేనా?

1994లో జర్మనీ కొన్ని అజో రంగుల్ని నిషేధించింది, 1997లో మన దేశమూ నిషేధించింది. అప్పట్నుంచి సహజ రంగులకి గిరాకీ పెరిగింది. ఇప్పుడు శిక్షణలూ, ప్రదర్శనలూ, బోటిక్కులూ. దళిత ఆడవాళ్లకి ఇది ఉపాధి అవుతుందని మంచి మనసుతో చెప్పేవాళ్లున్నారు. నేను కాదనను. కానీ నరసాపురం లేసు మన కళ్లముందే ఉంది. మిషనరీలు పేద క్రైస్తవ స్త్రీలకి నేర్పిన ఆ అల్లిక, ఇంట్లో అరుగుమీద కూర్చుని చేసే పని కాబట్టి "తీరికవేళ పని" అన్నారు. రోజంతా అల్లినా కూలి కాదు, పైఖర్చు అన్నారు. మారియా మీస్ 1982లో పుస్తకం రాసి చెప్పింది ఇదే: ఇంట్లో ఉన్న ఆడదాన్ని గృహిణిగా లెక్కేసి ఆమె శ్రమని లెక్కలోంచి తీసేశారు, ఎగుమతి లాభం వ్యాపారులకి పోయింది. "ఇంట్లోనే రంగులు వేసుకోండి" అనే మాట శిక్షణకొచ్చిన మధ్యతరగతి మనిషికి సరదా. మా పేటకి అదే మాట వస్తే, కట్టెలు, నీళ్లు, పొగ, చేతులు మావి, పేరు, ధర వేరేవాళ్లవి అవుతాయి.

కాబట్టి కొన్ని పనులు మనమే చెయ్యాలి. విద్యార్థులు మీ అమ్మమ్మలనీ, తాతలనీ అడగండి: ఏ చెక్క, ఎన్నిరోజులు, ఎంత సున్నం, ఏ నెలలో. రాసేటప్పుడు చెప్పినవాళ్ల అనుమతితో వాళ్ల పేరు, పేట పేరు రాయండి. "స్థానికులు చెప్పారు" అని రాయొద్దు. టీచర్లు టానిన్ పాఠం చెప్పేటప్పుడు టీ ఆకుతోపాటు తోలుగుంటనీ, పీచుగుంటనీ చెప్పండి. కార్యకర్తలు శిక్షణ ఇచ్చేవాళ్లని ముందు కూలి రేటు, అమ్మకం లెక్క అడగండి. మాలపేట పిల్లలు మాదిగపేట పెద్దల దగ్గరికి నేర్చుకోడానికి వెళ్లాలి. ఆ కాలవగట్టు మనం దాటకుండా ఊరిని దాటమని అడగలేం.

2022 మేలో కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడుతున్నారని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. పేరంటే అంత భయం ఎందుకో అప్పుడర్థమైంది. పేరు పెడితే ఎవరి పనితో ఈ సీమ పచ్చగా ఉందో ఒప్పుకోవాల్సి వస్తుంది.

శిక్షణ ఆఖరిరోజున ఎవరి చిలప వాళ్లకిచ్చారు. నేను కొబ్బరి డొక్క రంగుది తీసుకుని ఊరికి తెచ్చాను. మామ్మ అప్పటికి పీచు పని మానేసి చాలా ఏళ్లయింది, చేతులు మామూలు రంగుకొచ్చేశాయి. చిలప చేతిలో పెట్టి దీని ఖరీదు చెప్పాను. నవ్వి, వాసన చూసి అడిగింది: "పచ్చి డొక్కలా, నానినవా?" పచ్చివే అన్నాను. "నానినవైతే ఇంకా దిట్టంగా పట్టును" అంది. ఆ మాట నేను నా నోటుపుస్తకంలో రాసుకున్నాను, పక్కన మామ్మ పేరు, పేట పేరు, తేదీతో సహా.